పదేళ్లు నిలిచే మిక్సీ: కొనేముందు తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి



సోమవారం ఉదయం ఆరుంబావు. ఇడ్లీ పాత్రలోంచి ఆవిరి వస్తోంది. బాబు రెండో సాక్సు దొరకడం లేదంటున్నాడు. పాప దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని జడల కోసం నిలబడింది. ఏడుంబావుకి స్కూల్ బస్సు. వేయించిన పల్లీలు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు జార్‌లో వేసి స్విచ్ తిప్పారు. మిక్సీ ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. వెనకే సన్నగా కాలిన వాసన.

ఆ రోజు బాక్సులో ఇడ్లీ పక్కన చట్నీకి బదులు పంచదార ఉంటుంది. లేదంటే ఇడ్లీయే మానేసి బిస్కెట్ ప్యాకెట్ వెళ్తుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక పిల్లలు బాక్సులు తెరిచేటప్పుడు ఇలాంటివి మా టీచర్లకు కనిపిస్తూనే ఉంటాయి. "మిక్సీ పాడైంది మిస్" అని పిల్లలే చెప్పేస్తారు.

మిక్సీ పాడైతే ఆ సాయంత్రమే కొత్తది కొనడానికి బయల్దేరతాం. తొందరలో ఉంటాం కాబట్టి డిస్కౌంట్ ఎంత, వాట్లు ఎన్ని, జార్లు ఎన్ని అనే మూడు ప్రశ్నలతో పని ముగించేస్తాం. రెండేళ్లకు మళ్లీ అదే షాపు, అదే కౌంటరు. ఈసారి ఆ తొందర లేనప్పుడే, తీరికగా ఈ వ్యాసం చదివి పెట్టుకోండి. ఇంట్లో మిక్సీ వాడేవాళ్లకు కూడా చదివి వినిపించండి.

ముందు మీ వంటింటి జాబితా రాయండి

షాపుకు వెళ్లే ముందు ఒక వారం పాటు మీ ఇంట్లో ఏమేం రుబ్బుతున్నారో, ఏమేం పొడి కొడుతున్నారో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. రోజూ చట్నీ, అల్లం వెల్లుల్లి ముద్ద, వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి, ఆదివారం పెసరట్టు, నెలకోసారి కందిపొడి, కారప్పొడి, పండక్కి గారెల పిండి. ఒక్కో ఇంటి జాబితా ఒక్కోలా ఉంటుంది. ఆ జాబితాను బట్టే ఏ యంత్రం కొనాలో తేలుతుంది.

మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి.

• మిక్సీ: చట్నీలు, మసాలా ముద్దలు, పొడులు, జ్యూసులు. తక్కువ పరిమాణం, తక్కువ సమయం.

• వెట్ గ్రైండర్: ఇడ్లీ, దోసె, గారెల పిండి. ఎక్కువ పరిమాణం, ఎక్కువ సమయం.

• ఫుడ్ ప్రాసెసర్: మిక్సీ చేసే పనులతో పాటు కూరగాయలు తరగడం, తురమడం, చపాతీ పిండి కలపడం.

చాలా ఇళ్లలో మిక్సీ తొందరగా కాలిపోవడానికి మొదటి కారణం అది నాసిరకం కావడం కాదు, గ్రైండర్ చేయాల్సిన పని దానితో చేయించడం. నలుగురైదుగురున్న ఇంట్లో వారానికి మూడుసార్లు మినప్పిండి రుబ్బుతుంటే ఖరీదైన మిక్సీకి పెట్టే డబ్బులో కొంత తగ్గించి, ఒక చిన్న టేబుల్ టాప్ గ్రైండర్ తీసుకోవడమే లాభం. అప్పుడు రెండూ ఎక్కువ కాలం బతుకుతాయి.

మన మిక్సీ మన వంట కోసమే పుట్టింది

విదేశాల్లో తయారయ్యే బ్లెండర్లు ఎక్కువగా పళ్లరసాలు, సూపులు, మెత్తటి పదార్థాల కోసం రూపొందినవి. మన వంటింట్లో పని వేరు. ఎండుమిరపకాయలు, ధనియాలు, ఎండుకొబ్బరి, నానబెట్టిన పప్పు అన్నీ ఆ ఒక్క యంత్రంలోనే నలగాలి. సీమెన్స్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో వాడుతున్న విదేశీ మిక్సర్ మోటారు ఈ పనులు తట్టుకోలేక కాలిపోయిందట. భార్య మాధురి పట్టుబట్టడంతో ఆయన మన వంటకు తగ్గ యంత్రాన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. అలా 1963లో వచ్చిందే 'సుమీత్' మిక్సీ. చాలా ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు ఆ పేరు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

ఈ కథలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. యంత్రం ఎంత పేరున్నదైనా, అది ఏ పని కోసం తయారైందో ఆ పనిలోనే నిలబడుతుంది. పొడి సరుకు, గట్టి ముద్ద నలిపే పనికి తట్టుకుంటుందా అన్నదే మన మొదటి ప్రశ్న కావాలి.

వాట్లు ఎక్కువైతే మన్నిక ఎక్కువా?

ఇది అందరూ పడే పొరపాటు. వాట్లు అంటే ఆ యంత్రం తీసుకునే కరెంటు లెక్క. అది ఎన్నేళ్లు పనిచేస్తుందో వాట్లు చెప్పవు. ఒక చిన్న ఉదాహరణ చూడండి. టేబుల్ టాప్ వెట్ గ్రైండర్ మోటారు సాధారణంగా 150 వాట్లే ఉంటుంది. అయినా అది అరగంట సేపు ఆపకుండా తిరిగి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. 750 వాట్ల మిక్సీని అంతసేపు ఆపకుండా నడిపితే మోటారుకే ప్రమాదం. ఎందుకు?

రెండింటి మోటార్లు వేర్వేరు. గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. నిదానంగా తిరుగుతుంది, అరిగిపోయే భాగాలు తక్కువ. మిక్సీలో ఉండేది యూనివర్సల్ మోటారు. డ్రిల్లింగ్ మెషీన్‌లో, వాక్యూమ్ క్లీనర్‌లో ఉండేది కూడా ఈ రకమే. చిన్నగా ఉంటూనే నిమిషానికి పద్దెనిమిది, ఇరవై వేల చుట్లు తిరగగలదు. ఆ వేగం కోసం మనం కొంత మూల్యం చెల్లిస్తాం. కరెంటును తిరిగే భాగానికి అందించే కార్బన్ బ్రష్‌లు నిత్యం రాసుకుంటూ అరుగుతుంటాయి. మోటారు త్వరగా వేడెక్కుతుంది.

ఇంకో సంగతి ఉంది. మోటారును చల్లబరిచే చిన్న ఫ్యాను అదే ఇరుసు మీద ఉంటుంది. జార్‌లో ముద్ద మరీ గట్టిగా ఉంటే మోటారు వేగం తగ్గుతుంది, దాంతో పాటే ఫ్యాను వేగమూ తగ్గుతుంది. అంటే మోటారు ఎక్కువ వేడెక్కే సమయంలోనే దానికి గాలి తక్కువ అందుతుంది. గట్టి కొబ్బరి ముద్దను నీళ్లు పోయకుండా చాలాసేపు తిప్పినప్పుడు కాలిన వాసన రావడానికి కారణం ఇదే.

కాబట్టి వాట్లతో పాటు ఇవి కూడా చూడండి.

• మోటారు రేటింగ్: మిక్సీ అడుగున అంటించిన పట్టీ మీద 'రేటింగ్ 30 నిమిషాలు' వంటి మాట ఉంటుంది. అంటే అరగంట ఆపకుండా తిప్పొచ్చని కాదు. ఎంతసేపు నడిపి ఎంతసేపు ఆపాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని చాలా మాన్యువళ్లలో కనిపిస్తుంది. కొనేముందే ఆ పేజీ చూపించమని అడగండి.

• వైండింగ్: లోపలి తీగ చుట్టలు రాగివా, అల్యూమినియంవా అని అడగండి. రాగిదైతే మేలు. బిల్లు మీదో, పెట్టె మీదో రాసి ఉంటే ఇంకా మంచిది.

• ఓవర్‌లోడ్ స్విచ్: బరువు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే చిన్న బటన్ ఇది, చాలావరకు అడుగుభాగంలో ఉంటుంది. ఇది లేని మిక్సీ వద్దు.

ముగ్గురు నలుగురున్న ఇంట్లో చట్నీలు, మసాలాలకు 500 నుంచి 550 వాట్లు సరిపోతుంది. తరచుగా పప్పు రుబ్బి, పొడులు కొట్టే ఇంటికి 750 వాట్లు. ఉమ్మడి కుటుంబం, ఎక్కువ పొడి సరుకు ఉంటే 1000 వాట్లు ఆలోచించవచ్చు. అంతకు మించి తీసుకుంటే శబ్దం, ఖర్చు పెరుగుతాయే తప్ప చట్నీ రుచి పెరగదు.

ముందు పాడయ్యేది మోటారు కాదు

రిపేరు షాపులో ఐదు నిమిషాలు కూర్చుంటే ఈ సంగతి తెలిసిపోతుంది. అక్కడికి వచ్చే మిక్సీల్లో చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది. పోయేవి చిన్న భాగాలు.

• కప్లర్: మోటారు మీద ఒకటి, జార్ అడుగున ఒకటి, పళ్ల చక్రంలా ఉండి ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. మిక్సీ తిరుగుతున్న శబ్దం వస్తున్నా బ్లేడు తిరగకపోతే ఇది అరిగినట్టే. ఇది తక్కువ ఖర్చుతో మారిపోయే భాగం. బరువు ఎక్కువైనప్పుడు ముందు ఇది పోయి మోటారును కాపాడుతుంది కూడా.

• జార్ బుష్: బ్లేడు ఇరుసు తిరిగే చోటు. ఇది అరిగితే జార్ అడుగు నుంచి నీళ్లు, నల్లటి జిడ్డు కారతాయి. అలాంటి జార్‌లో రుబ్బిన పచ్చడి పిల్లలకు పెట్టకండి, వెంటనే బుష్ మార్పించండి. జార్ లోంచి కారిన నీళ్లు మోటారులోకి దిగితే అసలు నష్టం అప్పుడు మొదలవుతుంది.

• మూత రబ్బరు: సాగిపోతే మూత బిగుతుగా పట్టదు. గోడల మీద చట్నీ చిమ్మడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

• కార్బన్ బ్రష్‌లు: లోపల మెరుపులు ఎక్కువగా కనిపించినా, మిక్సీ ఆగి ఆగి తిరిగినా ఇవి అరిగి ఉండవచ్చు. మోటారు మార్చకుండా బ్రష్‌లు మాత్రమే మార్చవచ్చు.

మిక్సీ పదేళ్లు ఉండాలంటే ఈ నాలుగు భాగాలు పదేళ్ల పాటు మీ ఊళ్లో దొరకాలి. దొరకనప్పుడు బంగారం లాంటి మోటారు ఉన్నా ఆ మిక్సీ అటక ఎక్కాల్సిందే. అందుకే షోరూంకి వెళ్లేముందు మీ వీధిలోని మిక్సీ మెకానిక్ దగ్గరకు వెళ్లండి. "ఏ కంపెనీ జార్లు, కప్లర్లు మీ దగ్గర ఎప్పుడూ ఉంటాయి? ఏ మోడల్ సామాను దొరకక వెనక్కి పంపేస్తుంటారు?" అని అడగండి. ప్రకటనలు చెప్పని నిజం ఆయన చెబుతాడు. కొత్తగా వచ్చిన, వింత ఆకారపు జార్లున్న మోడళ్ల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

షాపులో ఐదు నిమిషాల పరీక్ష

మిక్సీని ఎవరు వాడతారో వాళ్లనే షాపుకు తీసుకెళ్లండి. చాలా ఇళ్లలో కొనేది ఒకరు, రోజూ వాడేది ఇంకొకరు. జార్ పిడి ఎవరి చేతికి సరిపోవాలో ఆ చేయి షాపులో ఉండాలి. ఇంట్లో నానమ్మ కూడా వాడుతుంటే, నిండిన జార్ ఒంటి చేత్తో ఎత్తగలరో లేదో చూడాలి.

1. పెట్టె తెరిపించి, జార్ పెట్టి తీసి చూడండి. జార్ గట్టిగా కూర్చోవాలి, ఊగకూడదు, తీసేటప్పుడు పెనుగులాడే పని ఉండకూడదు.

2. బ్లేడును చేత్తో కాకుండా, జార్ అడుగున ఉన్న కప్లర్‌ను పట్టుకుని తిప్పి చూడండి. నున్నగా తిరగాలి. పక్కలకు కదులుతుంటే బుష్ వదులుగా ఉన్నట్టు.

3. జార్ స్టీలు 304 గ్రేడేనా అని అడగండి. అయస్కాంతం పెట్టి చూస్తే 304 గ్రేడు స్టీలుకు గట్టిగా అంటుకోదు. బ్లేడుకు అంటుకుంటే కంగారు పడొద్దు. పదును నిలవడానికి బ్లేడుకు వేరే రకం స్టీలు వాడడం మామూలే.

4. జార్ లోపల మూలలు, మడతలు చూడండి. ముద్ద ఇరుక్కునే సందులుంటే రోజూ కడగడం నరకం.

5. మిక్సీ అడుగున రబ్బరు కాళ్లు పట్టు ఇస్తున్నాయా, వైరు మీ స్విచ్‌బోర్డు దాకా వస్తుందా, ప్లగ్ మూడు పిన్నులదేనా చూడండి.

6. ఐఎస్‌ఐ గుర్తు, దానిమీద ఐఎస్ 4250 అనే అంకె, కింద 'సీఎం/ఎల్' అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును 'బీఐఎస్ కేర్' అనే మొబైల్ యాప్‌లో కొడితే లైసెన్సు నిజమైనదో కాదో, ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు.

7. ఒకసారి కరెంటు పెట్టి ఖాళీగా కొన్ని సెకన్లు తిప్పించండి. మోటారు శబ్దం ఒకే తీరుగా ఉండాలి. గీసుకుంటున్నట్టు, కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే ఇంకో పీసు అడగండి.

జార్ల సంఖ్య చూసి మోసపోకండి. మూడు మంచి జార్లు చాలు: జ్యూసులకు, పిండికి ఒకటిన్నర లీటరుది, పొడులకు ఒక లీటరుది, చట్నీలకు అర లీటరు లోపుది. నాలుగో జార్, ఐదో జార్ చాలా ఇళ్లలో ఉప్పు డబ్బా పక్కన ఖాళీగా కూర్చుంటాయి.

ఫుడ్ ప్రాసెసర్ ఎవరికి అవసరం?

ఫుడ్ ప్రాసెసర్ డెమో చూస్తే కొనకుండా ఉండలేం. క్యారెట్లు క్షణంలో తురుము అయిపోతాయి. అయితే ఇంటికొచ్చాక దాని గిన్నె, మూత, తురుము చక్రం, తోసే కర్ర అన్నీ విడదీసి కడగాలి. రెండు క్యారెట్ల కోసం ఇంత కడగడం ఎందుకని మూడో వారానికి కత్తిపీటే బయటికొస్తుంది. అందుకే ఇలా ఆలోచించండి.

రోజూ పది పన్నెండు చపాతీలకు పిండి కలుపుతారా? వారానికి రెండు మూడుసార్లు అయినా కిలోకు పైగా కూరగాయలు తరుగుతారా? ఇంట్లో ఎవరికైనా మణికట్టు నొప్పి, కీళ్ల నొప్పులు ఉన్నాయా? ఈ మూడింటిలో ఒకదానికైనా అవును అనే జవాబు వస్తే ఫుడ్ ప్రాసెసర్ మీకు ఉపయోగపడుతుంది. లేకపోతే మంచి మిక్సీ తీసుకుని మిగతా డబ్బు దాచుకోండి.

కొనేటట్లయితే రెండు రకాలుంటాయని గుర్తుంచుకోండి. ఒక రకంలో పెద్ద గిన్నెను మామూలు మిక్సీ మోటారు మీదే బిగిస్తారు. రెండో రకంలో గిన్నెకు పక్కనే వేరే ఇరుసు ఉండి, వేగం తగ్గి తిరుగుతుంది. చపాతీ పిండికి కావాల్సింది వేగం కాదు, నిదానంగా తిప్పే బలం. కాబట్టి పిండి కలపడమే ముఖ్యమైతే రెండో రకం మేలు. గిన్నె మీద రాసిన కొలత కంటే ఎక్కువ పిండి వేయకూడదు.

గిన్నె మూత సరిగా పట్టకపోతే మోటారు కదలని ఏర్పాటు మంచి ఫుడ్ ప్రాసెసర్లలో ఉంటుంది. పిల్లలున్న ఇంటికి ఇది తప్పనిసరి. ఆ లాక్ విరిగితే పుల్ల పెట్టి నడిపించే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి.

గ్రైండర్ పిండికి అంత మెత్తదనం ఎందుకు?

మిక్సీ బ్లేడు మహా వేగంతో కోస్తుంది, దాంతో పిండి వేడెక్కుతుంది. గ్రైండర్ రాళ్లు నిదానంగా నలుపుతూ, పిండిలోకి గాలిని కలుపుతూ తిరుగుతాయి. పిండి చల్లగా, ఉబ్బుగా వస్తుంది. ఇడ్లీ మెత్తదనంలో తేడాకు ఇదే మూలం. తమిళనాడులోని కోయంబత్తూరు ఈ గ్రైండర్ల తయారీకి ప్రసిద్ధి. 'కోయంబత్తూరు వెట్ గ్రైండర్'కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

గ్రైండర్ లేకపోతే మిక్సీలోనే రుబ్బుకోవచ్చు. పప్పు బాగా నాననివ్వండి, ఫ్రిజ్ నీళ్లు వాడండి, కొంచెం కొంచెంగా వేసి మధ్యలో ఆపుతూ రుబ్బండి. పిండికీ మేలు, మోటారుకూ మేలు.

బిల్లు, వారంటీ, సర్వీసు

"మోటారుకు ఐదేళ్ల వారంటీ" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఆ మాటలో మోటారు ఒక్కటే ఉందని గమనించండి. జార్లు, బ్లేడ్లు, కప్లర్లు, రబ్బర్లు చాలావరకు ఆ లెక్కలోకి రావు. కొనేముందే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: మొత్తం యంత్రానికి వారంటీ ఎన్నేళ్లు? వారంటీలో సర్వీసు చార్జీ ఉంటుందా? సర్వీసు సెంటరు మన ఊళ్లోనే ఉందా, జిల్లా కేంద్రానికి వెళ్లాలా? మెకానిక్ ఇంటికి వస్తాడా?

బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లునూ, మిక్సీ అడుగు పట్టీనీ ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కాగితం మీది అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మకందారు పేరు కూడా దాచుకోండి.

వారంటీలో ఉన్న యంత్రానికి సర్వీసు ఇవ్వకుండా తిప్పుతుంటే ఊరుకోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీ వైపు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది బిల్లునే.

ఇంట్లో పాటించాల్సిన అలవాట్లు

• జార్ మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు. కొంచెం చట్నీకి పెద్ద జార్ వాడొద్దు.

• ముద్ద తిరగకపోతే స్విచ్ తిప్పుతూ ఉండకండి. ఆపి, చెంచాతో కలిపి, కొద్దిగా నీళ్లు పోయండి.

• పసుపు కొమ్ములు, గట్టి బెల్లం ముద్ద నేరుగా వేయొద్దు. ముందు రోట్లో దంచి ముక్కలు చేయండి. నెలల తరబడి సరిపోయే కారం, పసుపు అయితే పిండి మరకు పంపండి.

• వేడి వేడి టమాటాలు, పప్పు జార్‌లో వేసి మూత బిగించొద్దు. ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి ముఖం మీద పడుతుంది. చల్లారనివ్వండి.

• ఓవర్‌లోడ్ బటన్ పడితే జార్ ఖాళీ చేసి, మోటారు చల్లారాక నొక్కండి. పదే పదే పడుతుంటే మెకానిక్‌కు చూపించండి.

• మోటారు భాగాన్ని నీళ్లతో కడగొద్దు. ప్లగ్ తీసి, తడి పిండిన గుడ్డతో తుడవండి. గాలి ఆడే సందులకు గుడ్డ, కాగితం అడ్డం పెట్టొద్దు.

• వాడగానే జార్ కడిగి బోర్లించండి. రాత్రంతా నీళ్లలో నానితే బుష్ త్వరగా పోతుంది.

పిల్లలున్న ఇల్లు

పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. మిక్సీ ఆగింది కదా అని ప్లగ్ తీయకుండా జార్‌లో వేలు పెట్టి తీసే అలవాటు మనకుంటే వాళ్లకూ వస్తుంది. స్విచ్ సున్నా దగ్గర ఉందో లేదో చూసి ప్లగ్ పెట్టడం, పని అయ్యాక ప్లగ్ తీసేయడం ఇంటి నియమం కావాలి. సబ్బు నీళ్ల సింకులో బ్లేడున్న జార్ వదిలేయకండి, పాత్రలు కడగడానికి సాయం వచ్చిన పిల్లల చేయి తెగేది అక్కడే. వైరు ప్లాట్‌ఫాం అంచు నుంచి వేలాడుతుంటే చిన్నపిల్లలు పట్టుకుని లాగుతారు, వెనక్కి సర్దండి.

ఇంకో చిన్న మాట. పరీక్షల రోజుల్లో పిల్లలు తెల్లవారుజామున చదువుకుంటుంటే మిక్సీ శబ్దం వాళ్లకు పెద్ద ఆటంకం. పొడులు, అల్లం ముద్ద ముందు రోజు సాయంత్రమే చేసి పెట్టుకుంటే పొద్దున్న చట్నీకి ఒక్క నిమిషం చాలు.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

కప్లర్, బుష్, రబ్బరు, బ్రష్‌లు అయితే ఆలోచించకుండా బాగు చేయించండి. వైండింగ్ కాలిపోయి, రీవైండింగ్ ఖర్చు కొత్త మిక్సీ ధరలో సగానికి దగ్గరగా వస్తే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి. పాత జార్లు కొత్త మోటారుకు సరిపోతాయేమో అడగడం మరవకండి.

అమెరికాలో ఉన్న అక్కయ్యకో, తమ్ముడికో ఇక్కడి మిక్సీ పంపాలనుకుంటే ఒక్కమాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. ఇక్కడి మిక్సీ అక్కడ నీరసంగా తిరుగుతుంది. అక్కడిది ఇక్కడ నేరుగా పెడితే కాలిపోతుంది. వాళ్లకోసం కొంటే 110 వోల్టుల మోడలే అడిగి తీసుకోండి.

పిల్లలతో చేయించండి: మన మిక్సీ లెక్క

ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఈ ఆదివారం చిన్న పని. మిక్సీ అడుగున పట్టీ చదివి వాట్లు రాసుకోమనండి. రోజుకు ఎన్ని నిమిషాలు నడుస్తుందో గడియారం చూసి లెక్కపెట్టమనండి. 750 వాట్ల మిక్సీ రోజుకు 20 నిమిషాలు నడిస్తే పావు యూనిట్. నెలకు ఏడున్నర యూనిట్లు. మీ కరెంటు బిల్లుతో పోల్చి చూడమనండి.

తర్వాత అసలు లెక్క. 3,000 రూపాయల మిక్సీ రెండేళ్లే వస్తే ఏడాదికి 1,500 రూపాయలు పడినట్టు. 6,000 రూపాయల మిక్సీ పదేళ్లు వచ్చి, ఈ లోపు రిపేర్లకు 2,000 రూపాయలు అయితే ఏడాదికి 800 రూపాయలే. ధర ఎక్కువున్నదే మంచిదని దీని అర్థం కాదు. 3,000 రూపాయలదే మీ వీధి మెకానిక్ చేతిలో ఎనిమిదేళ్లు నడిస్తే అదే గెలుస్తుంది. ఏది చవకో ధర చీటీ చూసి కాదు, ఏళ్లతో భాగించి తేల్చాలని పిల్లలకు అర్థమైతే ఈ పాఠం ఫలించినట్టే. రేపు వాళ్లు సైకిల్ కొన్నా, ఫోన్ కొన్నా ఇదే లెక్క వేస్తారు.

లెక్క పూర్తిచేసిన కాగితాన్ని పిల్లలతో సైన్స్ టీచర్‌కు పంపండి. మీ ఇంట్లో పదేళ్లు దాటిన మిక్సీ ఇంకా తిరుగుతుంటే దాని సంగతి కూడా రెండు మాటల్లో రాయించండి. దాన్ని అంతకాలం కాపాడుకొచ్చిన వాళ్లెవరో పిల్లలకు తెలియాలి.

మీ పొద్దుటి వంట సాఫీగా సాగాలని, మీ చిన్నారుల బాక్సులో చట్నీ తప్పకుండా ఉండాలని కోరుకుంటున్నాం.